గురువు పేరు అడిగినప్పుడు

అన్నయ్య పోయాక నల్లపాడులో వాళ్ళింట్లో ఆదరణ కూడిక జరిగింది. వచ్చినవాళ్ళంతా భోజనాలు చేసి వెళ్ళిపోయాక, మా వదిన బీరువా పైఅర లోంచి పాత తువ్వాలులో చుట్టిన పుస్తకం ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఇది నీకే ఇవ్వమన్నాడు ఏస్తేరూ. తెరిచి చూస్తే నాకు ఒక్క ముక్క అర్థం కాలా. పాటల పైనంతా స, రి, గ అని పెన్సిలు గీతలు. నీ పనేనంటగా" అంది. అది నాన్న పాటల పుస్తకం, మా చర్చిలో ఆదివారం ఆరాధనకి పాడుకునే కీర్తనలది. అసలు అట్ట నేను పుట్టకముందే ఊడిపోతే, నాన్న సిమెంటు బస్తా కాగితాన్ని నాలుగు మడతలు వేసి, గంజి రాసి కొత్త అట్ట కట్టాడు. ఆ అట్ట ఇప్పటికీ గట్టిగానే ఉంది. పెన్సిలు గీతలు మాత్రం బాగా మాసిపోయాయి. పదకొండేళ్ళ పిల్ల చేతిరాత అది. నేను రాసిందే అయినా, ఎవరో పరాయి పిల్లని చూసినట్టు దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మా ఊరు దర్శికి నాలుగు మైళ్ళ దూరంలో ఉండేది. ఊరికి ఒక పక్కగా మా పల్లె, పల్లె మధ్యలో రెల్లుకప్పు చర్చి, దాన్ని ఆనుకుని నాన్న పాఠాలు చెప్పే బడి. మా ఇంట్లో రోజు పాటతోనే మొదలయ్యేది. అమ్మ కూలికి బయలుదేరకముందే ప్రార్థన అయిపోవాలి కాబట్టి నాన్న తెలతెలవారుతుండగానే వేపపుల్లతో పళ్ళు తోముకుని, ముఖం కడుక్కుని, గుమ్మం దగ్గర చాప పరిచేవాడు. అన్నయ్యా నేనూ నిద్రకళ్ళతో వచ్చి కూర్చునేవాళ్ళం. అమ్మ పొయ్యి దగ్గర నుంచే గొంతు కలిపేది. మిరపకోతల రోజుల్లో ఆ పాటకి మధ్యమధ్య దగ్గు తాళం పడేది. ఊరి చుట్టూ కల్లాల నిండా పండుమిరప ఆరబోసి ఉండేది. ఆ ఘాటు గాలిలో కలిసి బట్టల్లోకి, దుప్పట్లలోకి, తాగే నీళ్ళలోకి కూడా వచ్చేసేది. సాయంత్రానికి అమ్మ చేతులు మోచేతుల దాకా మండిపోయేవి. ఇంటికి రాగానే గిన్నెలో పుల్లమజ్జిగ పోసుకుని, అందులో చేతులు పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆ రోజుల్లో మమ్మల్ని ముద్దు చేయాలనిపిస్తే మోచేత్తో మా చెంపలు తడిమేది తప్ప వేళ్ళతో ముట్టుకునేది కాదు.

ఆ పుస్తకంలో ప్రతి పాట పైనా చిన్న అక్షరాలతో ఒక వరుస ఉండేది: రాగం మోహన, తాళం ఆది. రాగం బిలహరి, తాళం చాపు. చదవడం వచ్చినప్పటి నుంచీ కనిపించిన ప్రతిదీ చదివేదాన్ని కాబట్టి పాటకన్నా ముందు ఆ వరుసని కూడా గట్టిగా చదివేదాన్ని. అన్నయ్య నవ్వేవాడు. ఒకరోజు ప్రార్థన అయ్యాక నాన్నని అడిగాను, మోహన అంటే ఎవరు అని. ఎవరో అమ్మాయి పేరనుకున్నాను. నాన్న తనకి తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పే మనిషి కాదు. బడిలో కూడా పిల్లలడిగింది తెలియకపోతే "రేపు చెప్తా" అని, కనుక్కుని వచ్చి చెప్పేవాడు. "అది పాట నడిచే దారి పేరమ్మా. దాని సంగతి అంతకుమించి నాకు తెలియదు. మా నాన్న పాడితే విని నేర్చుకున్నా, ఆయన ఎవరో మిషను దొర దగ్గర పనిచేసే ఉపదేశి దగ్గర విన్నాడు" అన్నాడు. తర్వాత తనే పుస్తకం తీసుకుని ఆ వరుసలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఇరవై ఏళ్ళు పాడిన పాటల మీద తను చదవకుండా వదిలేసిన మాటలున్నాయని ఆయనకి అప్పుడే తట్టినట్టుంది. "కనుక్కుందాం" అన్నాడు.

కనుక్కోవడానికి ఆయన నన్ను తీసుకెళ్ళింది సన్నాయి కోటయ్య గారింటికి. కోటయ్య గారిది క్షౌరవృత్తి. పొద్దున పదింటి దాకా తన ఇంటి అరుగు మీద ఊళ్ళో వాళ్ళకి గడ్డాలు గీసేవాడు. పెళ్ళిళ్ళకీ, ఊరి గుడిలో ఉత్సవాలకీ సన్నాయి ఊదేవాడు. ఊళ్ళో చిన్నాపెద్దా అంతా ఆయన్ని "ఒరేయ్ కోటయ్యా" అనే పిలిచేవారు. అలాగే మా నాన్నని కూడా ఊళ్ళో ఎవరూ మేష్టారు అనేవారు కాదు, "పల్లె పంతులు" అనేవారు. ఆ సాయంత్రం అరుగు కింద నిలబడి నాన్న "కోటయ్య గారూ" అన్నాడు. ఆయన తలెత్తి చూసి, "రండి మేష్టారూ" అన్నాడు. వాళ్ళిద్దరి మధ్య అంతకుముందు పెద్దగా మాటలు లేవు. ఆ రెండు పిలుపులతోనే ఏదో కుదిరిపోయిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

నాన్న పుస్తకం తెరిచి చూపించాడు. కోటయ్య గారికి అక్షరాలు రావు. నాన్న చదివి వినిపిస్తే ఆయన ఆశ్చర్యపోయాడు. "ఏసుప్రభువు పాటల మీద మోహన అని రాసుందా? ఏదీ, పాడండి." నాన్న గొంతు సవరించుకుని మొదటి చరణం పాడాడు. కోటయ్య గారు తల వంచుకుని విని, నవ్వు ఆపుకుంటూ, "తప్పుగా అనుకోమాకండి మేష్టారూ. బయలుదేరటం మోహనలోనే బయలుదేరింది. మధ్యలో ఎక్కడో వేరే ఊరికి పోయింది. మోహనలో మధ్యమం ఉండదు, నిషాదం ఉండదు. మీరు రెంటినీ ఎక్కించుకున్నారు" అన్నాడు. నాన్న కూడా నవ్వేశాడు. "మా తాతల కాలం నుంచీ దారి తప్పినట్టున్నాం. అసలు దారి ఏదండీ?" అని అడిగాడు.

అప్పుడు కోటయ్య గారు పాడారు. చేతిలో సన్నాయి లేదు, పక్కన శ్రుతి లేదు. తోలుపట్టీ మీద కత్తి సాన పెడుతూ, ఆ చేతిని ఆపి, మా చర్చి పాట మాటలు లేకుండా ఆ అయిదు స్వరాల్లో ఒక్కసారి ఎక్కి దిగారు. ఎంతసేపు పాడి ఉంటారు, రెండు నిమిషాలు. రోజూ నిద్రకళ్ళతో విన్న పాట లోపల ఇంత పెద్ద ఇల్లుందని నాకు తెలియదు. ఏడుపు వచ్చింది. నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాన్నా, నాకు ఇది కావాలి" అన్నాను, తిరునాళ్ళలో బొమ్మ కావాలన్నట్టు. కోటయ్య గారు నా వైపు చూసి, "ఏం పాపా, నీకు కావాలా? ఇది చేతికిచ్చేది కాదే. రోజూ రావాలి" అన్నారు. ఇంటికి వచ్చేటప్పుడు నాన్న, "రేపటి నుంచీ ఆయన్ని గురువుగారూ అని పిలవాలి. ఊళ్ళో వాళ్ళు పిలిచినట్టు పిలిస్తే ఊరుకోను" అన్నాడు. మర్నాడు నేను అలా పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నారు, ఇంకెవరైనా వచ్చారేమోనని.

మాయామాళవగౌళలో సరళీ స్వరాలతో మొదలు. బడి అయ్యాక పలకా సంచీ ఇంట్లో పడేసి పరిగెత్తేదాన్ని. ఆయన అరుగు మీద, నేను అరుగు కింద ముక్కాలి పీట మీద. సాన పెట్టే కత్తితోనే తాళం వేసేవారు. ఆ చప్పుడుకి మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం పాడాలి. తప్పితే కత్తి ఆగిపోయేది. తిట్టేవారు కాదు, ఆ నిశ్శబ్దమే నాకు భయం. గమకం రాక నేను స్వరాన్ని కుదిపేస్తుంటే ఒకసారి చూరులో దాచిన పత్తికాయ ఒకటి తీసి, దూది పింజెని వేళ్ళతో మెల్లగా లాగి చూపించారు. "చూడు, లాగుతున్నా, సాగుతోంది, తెగలా. నువ్వేమో పీకేస్తన్నావు. లాగటం వేరు, పీకటం వేరు." ఆ తర్వాత చేలగట్ల మీద నడిచినప్పుడల్లా ఒక పింజె తుంచి వేళ్ళతో సాగదీస్తూ గాంధారాన్ని వెతుక్కునేదాన్ని. రాసుకోవడానికి మాత్రం ఆయన ఒప్పుకునేవారు కాదు. "రాస్తే పుస్తకంలో ఉంటది. నాకు నీ నోట్లో కావాలి" అనేవారు. మర్చిపోతానన్న భయంతో ఇంటికొచ్చి నాన్న పాటల పుస్తకంలో దొంగచాటుగా పెన్సిలుతో రాసుకునేదాన్ని. వదిన చూసి అర్థం కాలేదన్న గీతలు అవే.

ఆయన భార్య రత్తమ్మ గారు మొదట్లో నాతో మాట్లాడేది కాదు. దాహమంటే చెంబెత్తి నా దోసిట్లో నీళ్ళు పోసేది. గుమ్మం లోపలికి నేను ఎప్పుడూ వెళ్ళలేదు, రమ్మని ఎవరూ అనలేదు. అది నాకు అప్పట్లో వింతగానూ తోచలేదు. ఊళ్ళో అన్ని గుమ్మాల ముందూ మేమలాగే నిలబడేవాళ్ళం. ఆ ఏడాది కోతలయ్యాక వాళ్ళ పక్కింటి రైతు వాకిట్లోనే కాయలు పోసి తొడిమలు తీయించడం మొదలుపెట్టాడు. సాయంత్రం గాలి తిరిగితే ఆ దుమ్మంతా అరుగు మీదికే. నేను 'స' అని నోరు తెరిస్తే చాలు, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. గురువుగారు కూడా దగ్గుతూ, రెండు రోజులు పాఠం ఆపేశారు. మూడో రోజు నేను దగ్గుతూనే పాడబోతుంటే లోపలి నుంచి రత్తమ్మ గారు వచ్చి గుమ్మంలో నిలబడింది. నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "ఎంతసేపు చస్తారయ్యా ఇద్దరూ ఆ ఘాటులో? ఏయ్ పిల్లా, లోపలికి రా. తలుపేసుకుని పాడుకోండి" అంది. నేను కదల్లేదు. "రావే, నిన్నే" అని గదమాయించింది. నేను గడప దాటి వెళ్ళాను. లోపల చీకటిగా, చల్లగా, పేడ అలికిన వాసనగా ఉంది. ఆమె ఈసారి నీళ్ళు గ్లాసులో తెచ్చి, గ్లాసు నా చేతికే ఇచ్చింది. ఏదో చెప్పబోయి, "తొందరగా తాగు, పాఠం చెప్తాడు" అని వెళ్ళిపోయింది. కోతల కాలం అయిపోయాక కూడా పాఠం లోపలే సాగింది.

మా వైపు అభ్యంతరాలు లేకపోలేదు. చర్చి పెద్ద ఒకాయన ఆరాధన అయ్యాక నాన్నని ఆపి, "మన పిల్ల గుడి సన్నాయాయన దగ్గర పాట నేర్చుకోటం ఏంది పంతులూ? రేపు గుళ్ళో పాడుద్దా?" అని అందరి ముందూ అడిగాడు. నాన్న పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టి, "ఈ మోహన అని రాసింది మనవాళ్ళే అయ్యా. నా పిల్ల అదేంటో తెలుసుకోటానికి పోయింది" అన్నాడు. అమ్మకి వేరే దిగులు. "పాట అన్నం పెట్టిద్దా? గొంతు బాగుంటే ప్రార్థనలో పాడుకోవచ్చుగా" అనేది. అలా అన్న మనిషే ఒకరోజు కల్లంలో పని ముగించుకుని వస్తూ గురువుగారి ఇంటి గోడ పక్కన మండే చేతులు కొంగులో చుట్టుకుని నిలబడి వినడం నేను కిటికీలోంచి చూశాను. ఇంటికొచ్చాక ఆ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వర్ణాలు అయ్యాక గురువుగారే నాన్నని పిలిపించి, "ఇక కీర్తనలు చెప్పాల. అన్నీ మా దేవుళ్ళ మీదే ఉంటయ్యి. మీరు సరే అంటేనే" అన్నారు. నాన్న రెండు రోజులు ఆలోచించుకుని, "పాఠం పాఠమే. చెప్పండి" అన్నాడు.

అయిదేళ్ళు అలా గడిచాయి. నేను దర్శిలో హైస్కూలుకి వెళ్తున్నాను. అక్కడ నాతో చదివే పిల్లలకి నేను పాడతానని తెలిసింది, ఎవరి దగ్గర నేర్చుకున్నానో కూడా తెలిసింది. "గడ్డాలు గీసే ఆయన పాఠం చెప్తాడా? సబ్బు నురగ పెట్టి చెప్తాడా?" అని ఒకమ్మాయి అంటే గదంతా పడి పడి నవ్వారు. అసలే పల్లె పిల్లని. దానికి ఇది తోడయింది. ఆ రోజు నుంచీ పాట సంగతి ఎవరెత్తినా గురువు ఊసు రాకుండా మాట తప్పించడం అలవాటు చేసుకున్నాను. ఆ ఏడే ఒంగోలులో బడిపిల్లలకి సంగీతం పోటీలు పెడితే, మా డ్రిల్లు మాష్టారు నా పేరు పంపించారు.

ఆ ఉదయం మొదటి బస్సుకి నాన్నా నేనూ బయలుదేరుతుంటే, స్టాపు దగ్గర గురువుగారు అప్పటికే నిలబడి ఉన్నారు. ఆయన ఎప్పుడూ వేసుకోని తెల్లచొక్కా, ఉతికి మడత నలగకుండా వేసుకున్నారు. "శ్రుతి ఎట్టుంటదో ఏమో, నేనుంటే నీకు ధైర్యంగా ఉంటదని" అన్నారు. హాల్లో వెనక గోడకి ఆనుకుని ఇద్దరూ నిలబడ్డారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోలేదు. నేను కల్యాణిలో కీర్తన పాడాను. ఆ రోజు గొంతు నా మాట వినడం కాదు, నేనే గొంతు మాట విన్నాను, అంత బాగా సాగింది. పాట అయ్యాక ముందు వరుసలో కూర్చున్న న్యాయనిర్ణేత, జరీ పంచె కట్టుకున్న పెద్దాయన, కళ్ళజోడు తీసి, "చాలా శుద్ధంగా ఉందమ్మా. ఎవరి శిష్యురాలివి?" అని అడిగారు.

మా తరగతి అమ్మాయిలు రెండో వరుసలో ఉన్నారు. ఆ నురగ మాట అన్న అమ్మాయి కూడా ఉంది. వెనక గోడ దగ్గర తెల్లచొక్కా కనిపిస్తూనే ఉంది. నేను ఆలోచించానని కూడా చెప్పలేను. "ఎవరి దగ్గరా నేర్చుకోలేదండీ. మా చర్చిలో విని పాడుకున్నానండీ" అన్నాను. పెద్దాయన ఆశ్చర్యపోయి, "వినికిడితోనే ఇంత పట్టుబడిందా! పుట్టుకతో వచ్చిన విద్య" అని అందరితోనూ చెప్పి చప్పట్లు కొట్టించారు. మొదటి బహుమతి ఇచ్చారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో గురువుగారు కూడా ఉన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. పొగాకు చేలు, పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది. చాలా దూరం వచ్చాక ఆయన నా వైపు వంగి, "చరణంలో నిషాదం దగ్గర తొందరపడ్డావు. అక్కడ కాస్త నిలబడితే దానంతటదే పైషడ్జం అందుద్ది" అన్నారు. అంతే. మళ్ళీ కిటికీలోంచి చూస్తూ ఊరొచ్చేదాకా కూర్చున్నారు. ఇంటికొచ్చాక నాన్న బహుమతి పళ్ళెం గూట్లో పెట్టి, నా వైపు చూడకుండానే, "నిన్ను ఒక్క మాట కూడా అనను. కానీ ఆయన ఇస్త్రీ లేని చొక్కాని చెంబులో నిప్పులేసి రుద్దుకుని వచ్చాడమ్మా. బస్సెక్కేముందు నాకు చూపించి, బాగుందా అని అడిగాడు" అన్నాడు.

మర్నాడు పాఠానికి వెళ్ళాను. ఆయన ఎప్పటిలాగే చెప్పారు. క్షమించమని అడగడానికి మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళేదాన్ని, గడప దాటగానే అవి పోయేవి. ఒక పక్కన ఆయన ఏమీ జరగనట్టు ఉండడం, ఇంకో పక్కన రత్తమ్మ గారు "మొదటి ప్రైజంటగా, మా ఆయన ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు" అనడం. పరీక్షలు వచ్చాయి. తర్వాత టీచరు ట్రైనింగుకి గుంటూరు వెళ్ళాను, ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. సెలవులకి ఊరికి వచ్చినప్పుడల్లా వెళ్ళాలనుకునేదాన్ని, ఆ వీధి మొదటి దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసిన రోజులు కూడా ఉన్నాయి. పాట మానలేదు. పొద్దున్నే వంట చేస్తూ పాడుకునేదాన్ని, బడిలో పిల్లలకి నేర్పేదాన్ని. కల్యాణి మాత్రం పాడలేకపోయేదాన్ని. ఎత్తుకుంటే నిషాదం దగ్గర గొంతు ఆగిపోయేది.

నాకు ముప్పై ఏళ్ళు దగ్గర పడుతుండగా, ఆయనకి ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయని నాన్న ఉత్తరం రాశాడు. ఈసారి ఆగలేదు. అరుగు మీద వాళ్ళబ్బాయి పెద్ద అద్దం, తిరిగే కుర్చీ పెట్టి సెలూను చేశాడు. నేను ఎవరినీ అడక్కుండా గడప దాటి లోపలికి వెళ్ళాను. మంచం మీద చిక్కిపోయి ఉన్నారు. పళ్ళు పోవడంతో సన్నాయి ఊదడం మానేసి చాలా ఏళ్ళయిందట. నన్ను గుర్తుపట్టి, "పాపా" అన్నారు. మంచం పక్కన నేల మీద కూర్చుని, కుశలప్రశ్నలు కూడా లేకుండా చెప్పేశాను. "గురువుగారూ, ఒంగోలులో ఆ రోజు మీ పేరు చెప్పలేదు. సిగ్గుపడి చెప్పలేదు. మీరు అక్కడే ఉన్నారని తెలిసి కూడా చెప్పలేదు."

ఆయన నా వైపు తల తిప్పారు. మాట కాస్త ముద్దగా వస్తోంది. "నేనూ చెప్పలా పాపా" అన్నారు. నాకు అర్థం కాలేదు. రత్తమ్మ గారు గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చారు. చిన్నప్పుడు ఆయన్ని కొత్తపట్నం దారిలో ఒక ఊళ్ళో బంధువుల దగ్గర పెట్టారట. ఆ ఇంటి వెనక వీధిలో ఒకావిడ ఉండేది. వాళ్ళు తరతరాలుగా గుడి ముందు ఆడి పాడిన కుటుంబం. ఆట మాన్పించేశాక ఊరు వాళ్ళని ఇంటి గుమ్మాలకి రానిచ్చేది కాదు, వాళ్ళ పేరెత్తితే మగవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్ళు. ఆవిడే ఆరేళ్ళ పాటు ఆయనకి పాట చెప్పింది. సన్నాయి మీద వేళ్ళు ఎలా ఉంచాలో గురువుగారి నాన్న చెప్పాడు గానీ, ఆ వేళ్ళ వెనక ఉన్నదంతా ఆవిడదేనట.

"మొదటిసారి పెద్ద ఉత్సవంలో ఊదా. ధర్మకర్త మెచ్చుకుని, ఎవడి శిష్యుడివిరా అన్నాడు. నేను ఎవరో గొప్ప విద్వాంసుడి పేరు చెప్పా. ఆయన మొహం కూడా నేను ఎరగను. ఆవిడ అక్కడే, ఆడవాళ్ళలో, చివర కూర్చుని ఉంది."

"ఆవిడ ఏమీ అనలేదా?" అని అడిగాను.

"అంది. మర్నాడు పోతే, 'రాత్రి ధైవతం బాగా పలికింది కోటయ్యా' అంది. అంతే. అందుకే ఆ రోజు బస్సులో నీకు నిషాదం సంగతి చెప్పా. ఇంకేం చెప్పాలో నాకు ఆవిడ నేర్పలా." మళ్ళీ తనే, "నాలుగేళ్ళకి చెప్దామని పోయా. ఇల్లు పడిపోయి ఉంది. ఎటు పోయారంటే ఎవరూ చెప్పలా. నువ్వన్నా నేనుండగా వచ్చావు" అన్నారు.

రత్తమ్మ గారు దగ్గరికి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. "ఇన్నేళ్ళు కాపరం చేశాం, నాతో ఒక్కనాడన్నా అన్నావా ఈ మాట? ఆవిడ పేరేంది?" అంది. "మాణిక్యమ్మ" అన్నారు ఆయన. ఆ పేరు ఆ ఇంట్లో వినబడడం అదే మొదలు. రత్తమ్మ గారు దాన్ని ఒకసారి తనలో తను అనుకుంది. ఆయన కళ్ళు మూసుకుని, పళ్ళు లేని నోటితో, గాలి ఎక్కువా స్వరం తక్కువగా కల్యాణి ఎత్తుకున్నారు. నిషాదం దగ్గరికి వచ్చి నిలబడి, మంచి చెయ్యి నా వైపు ఊపారు. నేను అందుకున్నాను. పన్నెండేళ్ళ తర్వాత గొంతు అక్కడ ఆగలేదు.

ఆ వానాకాలంలోనే ఆయన పోయారు. నేను రిటైరయ్యాక గుంటూరులో మా ముందు గదిలో పదకొండు మంది పిల్లలకి పాఠం చెప్తున్నాను. శ్రుతి కావాలంటే ఫోను నొక్కితే చాలు, తెల్లవారేదాకా మోగుతుంది. పాఠం మొత్తం రికార్డు చేసుకుంటారు, ఇంటికెళ్ళి వింటారో లేదో తెలియదు. "రాయద్దమ్మా" అంటే "రాయట్లేదు మేడమ్, రికార్డింగే" అంటారు. వాళ్ళని తప్పుపట్టలేను, నేనూ దొంగచాటుగా రాసుకున్నదాన్నే. ఈ పిల్లల్లో అన్ని ఇళ్ళవాళ్ళూ ఉన్నారు, అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు, ఒకే సీసాలో నీళ్ళు తాగుతారు. అది వాళ్ళకి చెప్పుకోవాల్సిన విషయంగా కూడా తోచదు. అది చూసినప్పుడు సంతోషంగా ఉంటుంది. కానీ ఏ పాట ఎవరి నోటి నుంచి వచ్చిందో తెలుసుకోవాలన్న ఆత్రం వీళ్ళలో తక్కువ. ఫోన్లో వచ్చిందంటే వచ్చిందే. ఆ రోజుల్లో మాకు మనుషులు తెలుసు, పేర్లు దాచుకున్నాం. ఇప్పుడు దాచుకోవాల్సిన అవసరం లేదు, అడిగేవాళ్ళు లేరు.

అడిగినవాళ్ళు ఒకరున్నారు. నిరుడు మా పిల్లలు ఒక హాల్లో పాడబోతుంటే, పరిచయం చదివే అమ్మాయి కాగితం, కలం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కాలేజీలో చదువుతున్న పిల్ల. "మీ గురువుగారి పేరు చెప్పండి మేడమ్, అనౌన్స్ చేస్తాను" అంది. "సన్నాయి కోటయ్య గారు. పొద్దున క్షవరాలు చేసేవారు, సాయంత్రం పాఠం చెప్పేవారు. ఆయన గురువు మాణిక్యమ్మ గారు" అన్నాను. ఆ అమ్మాయి అంతా రాసుకుంది. "ఇద్దరి ఇంటిపేర్లు కూడా చెప్పండి మేడమ్" అంది. కోటయ్య గారిది చెప్పాను. మాణిక్యమ్మ గారిది నాకు తెలియదు. ఆ రోజు ఆ మంచం పక్కన ఊరు అడిగాను, ఆవిడ ఏమందో అడిగాను, ఇంటిపేరు అడగాలని తట్టలేదు. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. "అది ఖాళీగా వదిలెయ్యమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి మైకు ముందుకి వెళ్ళి రెండు పేర్లూ చదివింది. హాల్లో వాళ్ళు మామూలుగా చప్పట్లు కొట్టారు. పిల్లలు శ్రుతి అందుకున్నారు.